పద్దెనిమిదేళ్ల గీత ఎవరు గీశారు? అంతర్జాతీయ చట్టంలో బాల్యం, పిల్లల హక్కులు

సరళ_పి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను అక్కడో ముక్క ఇక్కడో ముక్క కాకుండా 54 అధికరణాలూ వరసగా చదివాను. చదివాక ఒక ప్రశ్న వదలడం లేదు. ఇక్కడ న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మొదటి అధికరణం ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి మనిషీ పిల్లల కిందే లెక్క, తన దేశపు చట్టం అంతకు ముందే మేజర్‌గా ఒప్పుకుంటే తప్ప. అంటే పాలు తాగే పసిబిడ్డ, మీసాలొచ్చిన పదిహేడేళ్ల కుర్రాడు ఇద్దరూ ఒకే లెక్కలోకి వస్తారు. సరే అనుకుని ముందుకెళ్తే 38వ అధికరణం దగ్గర అంకె మారిపోయింది. యుద్ధంలోకి నేరుగా దింపకూడనిది 15 ఏళ్లలోపు వాళ్లనట. మరణశిక్ష గురించిన 37వ అధికరణంలో మళ్లీ 18. పనిలో పెట్టుకునే వయసు ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఒప్పందాల్లో ఇంకో రకంగా ఉంది. నేరానికి ఏ వయసు నుంచి బాధ్యులను చేయొచ్చో 40వ అధికరణం అసలు అంకే చెప్పలేదు, ఏదో ఒక కనీస వయసు పెట్టుకోమని దేశాలకు వదిలేసింది.

బాల్యం ప్రకృతి ఇచ్చిన దశ అయితే ఇన్ని అంకెలు ఎందుకు? దేశాలు బేరమాడి కుదుర్చుకున్నదే అయితే దాన్ని హక్కు అని ఎలా అంటాం?

రమణమూర్తి_కేవీ

సరళ గారూ, సరైన చోట పట్టుకున్నారు. 18 అనాదిగా వస్తున్న అంకె కాదు. 1960ల చివరి దాకా చాలా దేశాల్లో మేజర్ కావాలంటే 21 నిండాలి. బ్రిటన్ 1969లో చట్టం మార్చి 18కి దించింది. అమెరికాలో 18 ఏళ్లకు ఓటు 1971 రాజ్యాంగ సవరణతో వచ్చింది. యుద్ధానికి పంపడానికి పనికొచ్చిన కుర్రాడు ఓటు వేయడానికి పనికిరాడా అన్న వాదన వియత్నాం యుద్ధకాలంలో బలంగా వినిపించింది. 1989లో ఒడంబడిక వచ్చేనాటికి చాలా దేశాల చట్టాలు 18 దగ్గరికి చేరి ఉన్నాయి. అందుకే ఆ అంకె నిలబడింది.

మరణశిక్ష విషయంలో మాత్రం 18 చాలా ముందే వచ్చింది. 1949 నాలుగో జెనీవా ఒప్పందంలోని 68వ అధికరణం ఆక్రమిత ప్రాంతాల్లో, నేరం జరిగిన రోజుకు 18 నిండని వ్యక్తికి మరణశిక్ష వేయరాదంది. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 6వ అధికరణం అదే నియమాన్ని అందరికీ వర్తింపజేసింది. ఇక్కడ చూసేది నేరం జరిగిన రోజున ఉన్న వయసు. కేసు సాగుతుండగా 20 ఏళ్లొచ్చినా ఆ రక్షణ పోదు.

ఇన్ని అంకెలు ఎందుకంటే, ఒక్కో ప్రమాదం ముందు ఒక్కో గీత గీశారు కాబట్టి. మరణశిక్ష దగ్గర పొరపాటు జరిగితే దిద్దుకునే వీలుండదు, అందుకే అక్కడ 18 కంటే దిగలేదు. ఇక 38వ అధికరణంలోని 15 సంగతంటారా, అది పిల్లల గురించి ఆలోచించి పెట్టిన అంకె కాదు. యుద్ధ నియమాలు చెప్పే 1977 నాటి జెనీవా అదనపు ప్రొటోకాళ్లలో ఉన్నదాన్నే తెచ్చి పెట్టారు. దాన్ని 18 చేయాలని చాలా దేశాలు పట్టుబట్టాయి. ముసాయిదా కమిటీలో అందరూ ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలన్న పద్ధతి ఉండటంతో సాగలేదు. మొత్తం ఒడంబడికలో నాకు బాధ కలిగించే చోటు అదొక్కటే.

జ్యోతి_లా

రమణమూర్తి గారి మాటకు కొనసాగింపు. ఆ లోటు పూడ్చడానికే 2000 మే 25న సాయుధ ఘర్షణల మీద ఐచ్ఛిక ప్రొటోకాల్ (ఇష్టమైన దేశాలు విడిగా చేరే అనుబంధ ఒప్పందం) వచ్చింది, 2002 ఫిబ్రవరి 12 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 18 నిండని సైనికులను నేరుగా పోరులోకి దింపకుండా ప్రభుత్వాలు చేయగలిగిందంతా చేయాలి, బలవంతంగా సైన్యంలో చేర్చుకోనే కూడదు. ఇష్టపడి చేరేవాళ్లకు కనీస వయసు 15 కంటే పెంచాలి. తిరుగుబాటు దళాలకైతే ఇష్టపడి చేరినా సరే 18 లోపు పనికిరాదు.

ఇక్కడ ప్రభుత్వాలకు ఒక కొలత, తిరుగుబాటుదారులకు ఇంకో కొలత ఉన్న సంగతి గమనించారా? 16 ఏళ్ల కుర్రాడు ప్రభుత్వ సైన్యంలో చేరితే ఒప్పు, కొండల్లో దళంలో చేరితే తప్పు. ఆ కుర్రాడి వైపు నుంచి చూస్తే ఈ తేడాకి అర్థం లేదు.

చరిత్ర_పుటలు

సరళ గారి మొదటి ప్రశ్న బాల్యం ప్రకృతి ఇచ్చినదా అని. చరిత్రకారులు దీని మీద అరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. మధ్యయుగాల యూరప్‌లో బాల్యం అన్న ఆలోచనే లేదని ఫిలిప్ ఆరియెస్ అనే ఫ్రెంచ్ చరిత్రకారుడు 1960లో వాదించాడు. ఆనాటి చిత్రాల్లో పిల్లలను పొట్టి పెద్దవాళ్లలా గీశారని చూపించాడు. తర్వాత వచ్చినవాళ్లు పాత డైరీలు, ఉత్తరాలు తిరగేసి, బిడ్డ పోతే తల్లిదండ్రులు ఆనాడూ కుమిలిపోయారని చూపించారు. పిల్లల మీద ప్రేమ ఎప్పుడూ ఉంది. ఆ ప్రేమను అంతర్జాతీయ చట్టం భాషలో రాయడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు పని.

ఆ పని మొదలుపెట్టింది ఎగ్లంటైన్ జెబ్ అనే ఆంగ్లేయురాలు. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయాక కూడా మిత్రరాజ్యాలు దిగ్బంధం ఎత్తేయకపోవడంతో ఆస్ట్రియా, జర్మనీల్లో పిల్లలు తిండిలేక చిక్కి శల్యమైపోయారు. ఆ పిల్లల ఫోటోలతో కరపత్రాలు పంచినందుకు 1919లో లండన్‌లో ఆవిడను అరెస్టు చేశారు, ఐదు పౌండ్ల జరిమానా పడింది. తనకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదే ఆ ఐదు పౌండ్లు తన జేబులోంచి ఇచ్చాడని చెబుతారు. అదే ఏడు ఆవిడ, ఆవిడ చెల్లెలు డొరొతీ కలిసి సేవ్ ద చిల్డ్రన్ ఫండ్ పెట్టారు. నిన్నటి దాకా శత్రుదేశమైన చోట పుట్టిన పిల్లల కోసం ఇదంతా చేశారన్నది మరిచిపోకూడదు.

ఆవిడ రాసిన ఐదు వాక్యాలనే నానాజాతి సమితి 1924లో జెనీవా ప్రకటనగా ఆమోదించింది. ఆకలితో ఉన్న బిడ్డకు తిండి పెట్టాలి, జబ్బు పడితే చూడాలి, దారి తప్పితే మళ్లీ దారిలోకి తేవాలి, ఆపద వచ్చినప్పుడు ముందుగా సాయం అందాల్సింది బిడ్డకే. ఇంత సూటిగా రాసిన అంతర్జాతీయ పత్రం ఇంకోటి నేను చదవలేదు.

అందులో బిడ్డకు ‘హక్కు ఉంది’ అని మాత్రం ఎక్కడా కనబడదు. చేయాల్సింది పెద్దలు, పుచ్చుకునేది బిడ్డ. 1959 నవంబర్ 20న ఐక్యరాజ్యసమితి పది సూత్రాల ప్రకటన చేసింది, పుట్టగానే పేరు, జాతీయత ఉండాలన్నది అందులో చేరింది. అదీ ప్రకటనే, దేశాలను కట్టిపడేసే ఒప్పందం కాదు. 1978లో పోలండ్ ముందుకొచ్చి, దీన్ని ఒప్పందం చేద్దామని ముసాయిదా ఇచ్చింది. పదేళ్లు పట్టింది. 1989 నవంబర్ 20న ఆమోదం పొంది, 1990 సెప్టెంబర్ 2న అమల్లోకి వచ్చింది.

ఈ ప్రతిపాదన పోలండ్ నుంచి రావడం వెనక యానుష్ కొర్చాక్ అనే డాక్టరు ఆలోచనల ప్రభావం ఉందంటారు. వార్సాలో అనాథ శరణాలయం నడిపాడు, పిల్లల మధ్య తగాదాలు పిల్లలే తీర్చుకునేలా వాళ్ల చేతే కోర్టు పెట్టించాడు. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలందర్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలిస్తుంటే, తప్పించుకునే అవకాశాలు వచ్చినా కాదని వాళ్లతోనే వెళ్లాడు.

అనిల్78

చర్చ బాగుంది కానీ ఒక తండ్రిగా నా అనుమానం చెప్పాలి. తిండి, చదువు, వైద్యం అంటే ఎవరూ కాదనరు. 12 నుంచి 16 దాకా ఉన్న అధికరణాలు చూడండి. అభిప్రాయం, భావప్రకటన, మతం, సంఘాలు పెట్టుకోవడం, ప్రైవసీ. పన్నెండేళ్ల పిల్లవాడి ఫోన్ చూస్తే వాడి ప్రైవసీకి భంగమా? ఇవన్నీ ఇచ్చాక ఇంట్లో పెద్దల మాట ఎవరు వింటారు? అమెరికా ఇప్పటికీ ఈ ఒడంబడికలో చేరకపోవడానికి ఇదే కారణం కదా.

జ్యోతి_లా

అనిల్ గారూ, అమెరికా 1995 ఫిబ్రవరిలో సంతకం చేసింది, సెనేట్ ఆమోదం దాకా ఎప్పుడూ వెళ్లలేదు. తల్లిదండ్రుల అధికారం పోతుందన్న భయం అక్కడ పెద్ద అడ్డంకి, నిజమే. ఇంకో కారణం మైనర్లకు వేసే శిక్షలు. నేరం చేసిన నాటికి 18 నిండనివాళ్లకు మరణశిక్షను వాళ్ల సుప్రీంకోర్టు 2005లో గానీ కొట్టేయలేదు. ఆ తీర్పులో ఈ ఒడంబడికనూ ప్రస్తావించారు. 2015లో సోమాలియా కూడా చేరాక బయట మిగిలిన ఐరాస సభ్యదేశం అమెరికా ఒక్కటే. మిగతా 196 పక్షాలూ లోపలే ఉన్నాయి.

రమణమూర్తి_కేవీ

అనిల్ గారు అడిగింది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు. కానీ ఒడంబడిక తల్లిదండ్రులను పక్కకు నెట్టలేదండీ. పెంపకం బాధ్యత మొదట తల్లిదండ్రులదేనని 18వ అధికరణం అంటుంది. చదువు ధ్యేయాల్లో ఒకటి తల్లిదండ్రుల పట్ల, తన భాష, సంస్కృతుల పట్ల గౌరవం పెంచడమని 29వ అధికరణం అంటుంది. మీ ఫోన్ ప్రశ్నకు జవాబు 5వ అధికరణంలో ఉంది. బిడ్డ శక్తిసామర్థ్యాలు ఎదిగేకొద్దీ, దానికి తగ్గట్టు తల్లిదండ్రులు దారి చూపాలి అంటుంది. అంటే ఆరేళ్లప్పుడు మీ చేయి పట్టు ఒకలా ఉంటుంది, పదహారప్పుడు ఇంకోలా ఉంటుంది. సరళ గారు అడిగిన పసిబిడ్డ, పదిహేడేళ్ల కుర్రాడి ప్రశ్నకు కూడా ఇదే జవాబు. గీత ఒకటే అయినా, గీతకు ఇవతల అందరినీ ఒకేలా చూడమని ఒడంబడిక అనలేదు.

ఇంకోటి. పిల్లలకు బాధ్యతలు కూడా రాసిన ఒప్పందం ఉంది. 1990 నాటి ఆఫ్రికా బాలల హక్కులు, సంక్షేమ చార్టర్ 31వ అధికరణం తల్లిదండ్రులను, పెద్దలను గౌరవించి, అవసరమైతే ఆదుకోవడం పిల్లల బాధ్యత అంటుంది, వయసుకూ శక్తికీ లోబడి. అదే చార్టర్ బాల్యాన్ని మాత్రం మినహాయింపు లేకుండా 18 దాకా లాగింది. దేశ చట్టం ముందే మేజర్ చేస్తే చేసుకోవచ్చన్న వెసులుబాటు అందులో లేదు. సైన్యం విషయంలోనూ 18 లోపు ఎవరినీ యుద్ధంలోకి దింపకూడదనే అంది. పెద్దల గౌరవం, పిల్లల రక్షణ ఒకే కాగితం మీద ఇమడవన్న వాదనకు ఆఫ్రికా ముప్ఫై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది.

విక్టర్_డి

పని విషయానికొస్తాను, నేను కార్మిక సంఘాల వైపు నుంచి వచ్చినవాణ్ని. ఐఎల్‌ఓ పుట్టిన 1919లోనే పరిశ్రమల్లో కనీస వయసు 14 అని ఒప్పందం చేసింది. ఇప్పుడు నడుస్తున్నవి రెండు. 1973 నాటి 138వ ఒప్పందం మామూలు పనికి 15 అంటుంది, ఆర్థికంగా వెనకబడిన దేశాలు మొదట్లో 14 పెట్టుకోవచ్చు, ప్రమాదకరమైన పనికి 18. 1999 నాటి 182వ ఒప్పందం వెట్టి, వ్యభిచారం, మత్తుపదార్థాల రవాణా, సైన్యంలోకి బలవంతపు చేరిక వంటి ఘోరమైన రూపాలను వెంటనే ఆపమంటుంది. 2020 ఆగస్టు 4న టోంగా చేరడంతో ఐఎల్‌ఓ సభ్యదేశాలన్నీ ఒప్పుకున్న తొలి ఒప్పందం ఇదే అయింది.

అన్ని దేశాలూ సంతకం పెట్టినా 2024 నాటికి ప్రపంచంలో సుమారు 13.8 కోట్ల మంది పిల్లలు బాల కార్మికులుగా ఉన్నారని ఐఎల్‌ఓ, యునిసెఫ్ లెక్క. అందులో 5.4 కోట్ల మంది ప్రమాదకరమైన పనుల్లో ఉన్నారు. 2020లో ఈ సంఖ్య 16 కోట్లు ఉండేది, అంటే తగ్గింది. కానీ 2025 నాటికి మొత్తం పోవాలన్నది ఐరాస పెట్టుకున్న లక్ష్యం.

బొలీవియా సంగతి కూడా చెప్పాలి. అక్కడ పనిచేసే పిల్లలే సంఘం పెట్టుకుని, మమ్మల్ని పనిలోంచి తీసేయకండి, పనిలో రక్షణ ఇవ్వండి అని రోడ్డెక్కారు. 2014లో ఆ దేశం కొన్ని షరతులతో పదేళ్ల పిల్లలు కూడా సొంతంగా పనిచేసుకోవచ్చని చట్టం చేసింది. ఐఎల్‌ఓ గట్టిగా అభ్యంతరం చెప్పింది. 2017లో వాళ్ల రాజ్యాంగ ట్రిబ్యునల్ ఆ వెసులుబాటును కొట్టేసింది, మళ్లీ 14కే వచ్చారు. నేను ఐఎల్‌ఓ పక్షమే. పదేళ్ల బిడ్డ సంపాదన మీద ఇల్లు నడుస్తుంటే, చట్టం ఆదుకోవాల్సింది ఆ ఇంటిని. బిడ్డ కూలిని చట్టబద్ధం చేయడం కాదు.

సరళ_పి

విక్టర్ గారూ, అక్కడే నాకు చిక్కు వస్తోంది. పిల్లల మాట వినాలని 12వ అధికరణం అంటోంది. వాళ్లు నోరు విప్పి మాకు పని కావాలి అన్నారు. మనం వద్దన్నాం. మరి వినడం అంటే ఏమిటి?

విక్టర్_డి

వినడం అంటే అన్నదల్లా ఒప్పుకోవడం కాదు కదా సరళ గారూ. ఆ పిల్లలు చెప్పింది పూర్తిగా వినుంటే, పని కావాలి అన్నదానికి వెనక ‘ఫీజుకు డబ్బుల్లేవు, అమ్మకు ఒంట్లో బాగోలేదు, పోలీసులు కొడుతున్నారు’ అన్నవీ వినబడేవి. వాటికి జవాబు చెప్పకుండా వయసు అంకె ఒక్కటి మార్చడం, మళ్లీ వెనక్కి మార్చడం రెండూ వినకపోవడమే.

జ్యోతి_లా

సరళ గారి ప్రశ్న ఈ ఒడంబడికకు గుండెకాయ లాంటిది. నేను కొంచెం వివరంగా రాస్తాను.

మూడో అధికరణం పిల్లల గురించిన ప్రతి నిర్ణయంలోనూ వాళ్ల శ్రేయస్సుకు ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఏది శ్రేయస్సో తేల్చేది ఎవరు? కెనడాలో, ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లుల ఒళ్లోంచి లాక్కెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో, పరాయి ఇళ్లలో, శరణాలయాల్లో పెట్టినవాళ్లు కూడా ఇదంతా పిల్లల మంచికే అన్నారు. వాళ్ల భాష మాట్లాడితే కొట్టారు. ఎంతోమంది ఇళ్లకు తిరిగి రాలేదు. ఆ రెండు ప్రభుత్వాలూ 2008లో పార్లమెంటుల్లో క్షమాపణ చెప్పాయి. తరాల తరబడి అది సాగడానికి ఒక కారణం, ఆ పిల్లలను నీకేం కావాలని ఎవరూ అడగకపోవడమే.

అందుకే 12వ అధికరణం లేకుండా మూడో అధికరణాన్ని సరిగ్గా అమలు చేయడం కుదరదని ఒడంబడిక అమలును గమనించే ఐరాస బాలల హక్కుల కమిటీ 2009లో తన 12వ సాధారణ వ్యాఖ్యలో (అధికరణాలకు కమిటీ ఇచ్చే వివరణ) రాసింది. అందులో చెప్పిన పద్ధతి చూడండి. ఇంత వయసు వస్తేనే వినాలని కనీస వయసు పెట్టకూడదు. మాటలు రాని పసివాళ్లు ఆటలో, బొమ్మలో, ముఖంలో చెప్పేదాన్ని కూడా అభిప్రాయంగానే తీసుకోవాలి. వినే ముందు, ఏం జరుగుతోందో బిడ్డకు అర్థమయ్యేలా చెప్పాలి. బెదిరిపోయే వాతావరణంలో అడగకూడదు. మాట్లాడటం హక్కే గానీ బలవంతం కాదు, వద్దనుకుంటే ఊరుకోవచ్చు. నిర్ణయం అయిపోయాక, నువ్వు చెప్పినదాన్ని మేం ఇలా లెక్కలోకి తీసుకున్నాం అని తిరిగి బిడ్డకు చెప్పాలి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలా కోర్టులు ఆగిపోతాయి. అమ్మా నాన్నా విడిపోతున్న కేసులో బిడ్డను పక్క గదిలోకి పిలిచి ఎవరితో ఉంటావని అడుగుతారు, తీర్పు ఇస్తారు, ఎందుకలా ఇచ్చారో ఆ బిడ్డకు ఎవరూ చెప్పరు.

ఫాతిమా_ఎస్

ఇప్పటిదాకా అందరూ గీత ఎక్కడ ఉండాలన్నది మాట్లాడారు. ఎవరు గీతకు ఏ వైపు ఉన్నారో ఎలా తేలుస్తారన్నది ఎవరూ అడగలేదు. నాకు శరణార్థి పిల్లల కేసులతో పరిచయం ఉంది, నా ఆవేదన అంతా అక్కడే.

ఒక కుర్రాడు పడవలో సముద్రం దాటి వచ్చాడు అనుకోండి. చేతిలో కాగితం లేదు. పదహారేళ్లంటాడు. అధికారికి నమ్మకం కలగలేదు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. ఎముకల చివర్లు ఎంతవరకు కలిసిపోయాయో చూసి, ఒక పాత అట్లాస్‌లోని ఫోటోలతో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు తయారుచేసిన ఆ అట్లాస్‌లోని ఎక్స్‌రేలు 1930ల్లో, 40ల మొదట్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, కలిగిన ఇళ్ల తెల్ల పిల్లల నుంచి తీసినవి. అది ఎదుగుదల లోపాలు చూడటానికి డాక్టర్ల కోసం చేసిన పుస్తకం, పుట్టిన తేదీ తేల్చడానికి కాదు. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ రావడం మామూలే. ఇంకో ఖండంలో ఇంకో తిండి తిని, ఇంకో రకం కష్టం పడి పెరిగిన కుర్రాడి చేతిని దానితో పోల్చి, నీకు 19 అని రాసేస్తారు. ఆ ఒక్క ముక్కతో అతనికి సంరక్షకుడు ఉండడు, బడి ఉండదు, పెద్దవాళ్ల నిర్బంధ కేంద్రంలో పడేస్తారు.

స్పెయిన్ మీద వచ్చిన ఇలాంటి కేసులో, ఎన్.బి.ఎఫ్. అనే పొడి అక్షరాలతో ఉన్న ఐవరీ కోస్ట్ కుర్రాడి విషయంలో, 2018లో కమిటీ అతని పక్షాన నిర్ణయం ఇచ్చింది. 3, 12 అధికరణాల ఉల్లంఘన జరిగిందని తేల్చింది. వయసు తేల్చే ప్రక్రియ మొత్తంలో అతని తరఫున మాట్లాడే మనిషి ఉండాలి, వయసు తేలేదాకా అనుమానపు లబ్ధి అతనికే ఇవ్వాలి, బిడ్డగానే చూడాలి అంది. స్పెయిన్ మీద ఆ తర్వాత ఇలాంటి నిర్ణయాలు వరసగా వచ్చాయి.

ఇదంతా ఎక్కడ మొదలవుతుందంటే పుట్టిన రోజున. ఏడో అధికరణం పుట్టగానే నమోదు చేయాలంటుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని యునిసెఫ్ 2024 చివర్లో చెప్పింది. 18 లోపు అని నిరూపించుకోలేని బిడ్డకు ఈ 54 అధికరణాల్లో ఒక్కటీ అక్కరకు రాదు. సైన్యంలోకి లాక్కెళ్లేవాడికి, పెళ్లి చేసేవాడికి, పనిలో పెట్టుకునేవాడికి కూడా ఆ కాగితం లేకపోవడమే కలిసొస్తుంది. అందుకే అంటున్నాను, గీత 15 దగ్గర ఉండాలా 18 దగ్గర ఉండాలా అన్నదానికంటే అనుమానం వచ్చినప్పుడు ఆ అనుమానం ఎవరి వైపు మొగ్గాలన్నదే అసలు ప్రశ్న.

సరళ_పి

ఫాతిమా గారూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. రాసినందుకు ధన్యవాదాలు.

చరిత్ర_పుటలు

అయితే గీతకు అవతలికి వెళ్లిపోయినవాళ్ల సంగతేమిటి? డొమినిక్ ఓంగ్వెన్ కేసు తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తారా? అది చదివినప్పటి నుంచి నాకు ఒక పక్కకు తేల్చుకోవడం రావడం లేదు.

రమణమూర్తి_కేవీ

రాస్తాను. ఓంగ్వెన్‌ను ఉత్తర ఉగాండాలో తొమ్మిదేళ్ల వయసులో బడికి పోతుంటే లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే దళం ఎత్తుకెళ్లింది. కొట్టి, చంపడం నేర్పి, చంపించి పెంచింది. పెద్దవాడై ఆ దళంలోనే కమాండర్ అయ్యాడు. 2021 ఫిబ్రవరిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 61 నేరాల్లో దోషిగా తేల్చింది. హత్యలు, అత్యాచారాలు, బలవంతపు పెళ్లిళ్లు. 15 లోపు పిల్లలను దళంలోకి లాక్కెళ్లడం కూడా ఆ జాబితాలో ఉంది, అంటే తనకు జరిగిందే.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నేరం నాటికి 18 నిండనివాళ్లను విచారించదు, ఆ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనంలోని 26వ అధికరణం చెప్పేది అదే. ఓంగ్వెన్ మీద పెట్టినవన్నీ అతను పెద్దవాడయ్యాక చేసినవే. ప్రాణభయంతో చేశాడు, మనసు చెదిరి చేశాడు అన్న డిఫెన్స్ వాదనలను కోర్టు ఒప్పుకోలేదు. శిక్ష వేసేటప్పుడు మాత్రం అతని బాల్యాన్ని లెక్కలోకి తీసుకుంది, యావజ్జీవం కాకుండా 25 ఏళ్లు వేసింది. ముగ్గురు జడ్జిల్లో ఒకరు 30 ఏళ్లు వేయాలన్నారు.

నా మట్టుకు తీర్పు సరైనదే. అతని చేతిలో నాశనమైన ఆడపిల్లలు కూడా పిల్లలే. కానీ ఎత్తుకెళ్లినప్పుడు అతన్ని కాపాడలేకపోయిన ప్రపంచమే, పెరిగాక అతన్ని బోనులో నిలబెట్టింది. 25 ఏళ్లు అన్న అంకెలో ఆ బరువు కొంతైనా ఉందనుకుంటాను.

అనిల్78

రమణమూర్తి గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్క సందేహం. తొమ్మిదేళ్ల వాడు నేరం చేస్తే అసలు కేసే ఉండదా? నేర బాధ్యత వయసు అంకె ఒడంబడికలో లేదని సరళ గారు మొదట్లో అన్నారు.

జ్యోతి_లా

ఒడంబడికలో లేదు, కమిటీ వ్యాఖ్యల్లో ఉంది. 2007లో 12 కంటే తక్కువ ఉండకూడదంది. 2019లో వచ్చిన 24వ సాధారణ వ్యాఖ్యలో కనీసం 14కి పెంచమంది. కౌమారంలో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుందని, పర్యవసానం ఆలోచించే శక్తి ఆలస్యంగా వస్తుందని వచ్చిన పరిశోధనలను కారణంగా చూపింది. కమిటీ వ్యాఖ్యలు దేశాలను నేరుగా కట్టిపడేయవు. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసును పట్టుకుని కూర్చున్న దేశాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ వయసు వాళ్లనైనా సరే, నిర్బంధం ఆఖరి మార్గంగా, వీలైనంత తక్కువ కాలానికే ఉండాలి, పెద్ద ఖైదీలతో కలిపి ఉంచకూడదు అన్నది మాత్రం 37వ అధికరణంలోనే ఉంది. అది కచ్చితమైన బాధ్యత.

సరళ_పి

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. ఇవన్నీ ఉల్లంఘిస్తే, బిడ్డ తనంతట తాను ఐరాసకు ఫిర్యాదు చేయొచ్చా? పెద్దలే చేయాలా?

జ్యోతి_లా

చేయొచ్చు. 2011 డిసెంబర్ 19న ఆమోదించిన మూడో ఐచ్ఛిక ప్రొటోకాల్ ఆ దారి తెరిచింది, 2014 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది. బిడ్డ స్వయంగా రాయొచ్చు, తన తరఫున ఇంకొకరు రాయొచ్చు. కాకపోతే షరతులున్నాయి. ఆ దేశం ఈ మూడో ప్రొటోకాల్‌లో విడిగా చేరి ఉండాలి. ఒడంబడికలో ఉన్న 196 పక్షాల్లో సుమారు నాలుగో వంతే దీంట్లో చేరాయి. ఫిర్యాదు రాతపూర్వకంగా, పేరుతో ఉండాలి. సొంత దేశంలోని కోర్టుల దారులన్నీ ముందు తొక్కాలి, అవి అయిపోయాక ఏడాదిలోపు పంపాలి. ఆ దారులు అర్థంలేకుండా సాగదీస్తే, ఫలితం ఇచ్చే అవకాశమే లేకపోతే ఆ షరతు నుంచి మినహాయింపు ఉంది.

ఆ షరతు దగ్గరే ఒక పెద్ద కేసు ఆగిపోయింది. 2019లో గ్రెటా థన్‌బర్గ్‌తో సహా 16 మంది పిల్లలు అర్జెంటీనా, బ్రెజిల్, ఫ్రాన్స్, జర్మనీ, టర్కీల మీద వాతావరణ మార్పు విషయంలో ఫిర్యాదు చేశారు. దేశీయ కోర్టులకు ముందు వెళ్లలేదని 2021లో కమిటీ దాన్ని విచారణకు తీసుకోలేదు. కానీ ఒక దేశం వదిలే కాలుష్యం వల్ల సరిహద్దు అవతల ఉన్న బిడ్డకు ముందే ఊహించదగిన హాని జరిగితే, ఆ బిడ్డ పట్ల కూడా ఆ దేశానికి బాధ్యత ఉండొచ్చని అదే నిర్ణయంలో ఒప్పుకుంది. కమిటీ ఆ 16 మందికీ విడిగా బహిరంగ లేఖ రాసి, ఎందుకలా తేల్చామో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. కోర్టులు ఆగిపోతాయని నేను పైన రాసిన మెట్టు అదే.

ఫాతిమా_ఎస్

జ్యోతి, ఫిర్యాదు నడుస్తుండగా కుర్రాడిని వెనక్కి పంపేస్తే?

జ్యోతి_లా

ఆ మూడో ప్రొటోకాల్‌లోనే ఆరో అధికరణం ఉంది మేడమ్. సరిదిద్దలేని నష్టం జరిగే ప్రమాదం ఉంటే, విచారణ తేలేదాకా ఆగమని కమిటీ ఆ దేశాన్ని అత్యవసరంగా కోరవచ్చు. వయసు కేసుల్లో అతన్ని పంపించకండి, ఈలోగా పిల్లల కేంద్రంలో ఉంచండి అని చాలాసార్లు కోరింది. కాబట్టి ఫిర్యాదుతో పాటే ఆ విన్నపం కూడా మొదటి పేజీలోనే పెట్టాలి, తర్వాత పంపితే ఆలస్యమైపోతుంది.